ఎడమచేతి భారము

పాతకాలపు బుల్లెట్ మోటారు సైకిలును నడిపినవారికి ఎడమచేతి నొప్పి తెలియని సంగతి కాదు. గేరు మార్చవలసిన ప్రతిసారియు హ్యాండిలుకు ఎడమవైపుననున్న క్లచ్ లివరును నాలుగు వ్రేళ్లతో బిగబట్టి లాగవలెను. ఖాళీ రోడ్డుమీద సాగిపోవునప్పుడు ఆ భారము అంతగా తెలియదు. సంతవీధిలోనో, రైలు గేటు వద్దనో, ఇరుకు బజారులోనో మాటిమాటికి లాగి విడువవలసి వచ్చినప్పుడు ముంజేయి బరువెక్కును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. యౌవనమున ఈ బలప్రదర్శనము కొందరికి గర్వకారణమై యుండవచ్చును. అరువదియేండ్లు దాటి కీళ్లు బిగిసిన చేతికి అదియే బండిని అమ్మివేయుటకు కారణమగుచున్నది. తండ్రి వాడిన బండి, తాత వాడిన బండి, ఇంజను చెడకయే, చక్రములు అరుగకయే, కేవలము ఒక లివరును లాగలేకపోవుటచే వసారాలో మూలబడియుండుట విచారకరము.

ఈ భారమును తగ్గింపవచ్చునా? నిస్సందేహముగా తగ్గింపవచ్చును. అయితే తగ్గింపదగిన భారమేదో, ముట్టరాని భారమేదో ఎరుగక చేయి పెట్టినచో లివరు తేలికపడునుగాని బండి నడిదారిలో మోసగించును. ఆ రెంటిని వేరుపరచుటకు కావలసిన శాస్త్రము ఏ మహాగ్రంథములలోనో దాగియుండలేదు. తులాదండము, ఘర్షణ, స్ప్రింగు, లంబకోణము అను నాలుగు పాఠములు ఉన్నత పాఠశాల విద్యార్థి చదువుకొన్నవే. వానిని పుస్తకమునుండి బండి మీదికి తెచ్చుకొనుటయే మనము చేయవలసిన పని.

లాగునది దేనిని?

బుల్లెట్టును ఉదాహరణముగా గైకొనుటకు కారణము కలదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున 1901లో తన మొదటి మోటారు సైకిలును నిర్మించినది. బుల్లెట్ అను పేరు 1932లో వెలసినది. 1955లో ఆ సంస్థయు మద్రాసు మోటార్స్ వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పిరి. మద్రాసునకు ఉత్తరముననున్న తిరువొత్తియూరులో 350 సి.సి. బుల్లెట్టు తయారగుట ఆరంభమైనది. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినను మన దేశమున ఆ బండి నిర్మాణము ఆగలేదు. సైన్యము, పోలీసు శాఖ మొదలుకొని పల్లెటూరి మోతుబరుల వరకు దానిని ఆదరించిరి. అందుచే పాతబండి అనగానే మన కన్నులయెదుట నిలుచునది బుల్లెట్టే.

ఈ బండిలో ఇంజను శక్తి ఒక చైను ద్వారా ఎడమవైపుననున్న క్లచ్ డ్రమ్మునకు చేరును. డ్రమ్ములో గుండ్రని పలుచని ప్లేట్లు ఒకదానిపై నొకటిగా పేర్చబడి యుండును. వానిలో ఒక వరుస డ్రమ్ముతో కూడ తిరుగును. రెండవ వరుస గేరుబాక్సు ఇరుసుతో కూడ తిరుగును. స్ప్రింగులు ఈ ప్లేట్లనన్నిటిని అదిమిపట్టినంతకాలము రెండు వరుసలును ఒక్కటిగా తిరుగును. ఇంజను తిరిగినకొలది చక్రమును తిరుగును. లివరు లాగినప్పుడు కేబులు బండి కుడివైపుననున్న గేరుబాక్సు వద్ద ఒక చిన్న చేతిని కదల్చును. ఆ చేయి, బోలుగానున్న ఇరుసు లోపలినుండి పోవు ఒక ఉక్కు కడ్డీని ఎడమకు త్రోయును. కడ్డీ స్ప్రింగులను నెట్టగా ప్లేట్లు విడివడును. అప్పుడు ఇంజను తిరుగుచున్నను చక్రమునకు దానితో సంబంధముండదు. గేరు మార్చుకొనుటకు అదియే అదను.

కావున నడుపువాడు నిజముగా అణచుచున్నది స్ప్రింగులను. ఆ స్ప్రింగులు ఎంత గట్టివైన క్లచ్ అంత గట్టిగా పట్టును. బండిని, దానిమీది ఇద్దరు మనుష్యులను, వారి మూటముల్లెలను కొండదారి నెక్కించునది ఆ పట్టే. స్ప్రింగులకు చెందవలసిన ఈ బలమును న్యాయమైన భారమందము. దీనికి తోడు త్రోవలో కేబులు ఒరపిడి వలనను, చేతుల కోణములు తప్పుట వలనను, అరిగిన భాగముల వలనను మరికొంత భారము చేరును. ఇది అన్యాయమైన భారము. నడుపువాని వ్రేళ్లకు ఈ రెండును ఒకటిగానే తోచును. వానిని విడదీయుట మెకానిక్కు నేర్పు.

కేబులు కథ

క్లచ్ వైరు అని మనము పిలుచు కేబులు చూచుటకు సామాన్యమైన వస్తువు. అయినను అది ఆలోచింపదగిన కల్పన. ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అను నతడు 1896లో దీనికి పేటెంటు పొందెను. ర్యాలీ సైకిళ్ల సంస్థాపకుడగు సర్ ఫ్రాంక్ బౌడెన్ దీనిని కనిపెట్టెనని పలువురు పొరబడుచుందురు. ఇంటిపేరు ఒకటగుటచే కలిగిన భ్రాంతి అది. దీనిని మొదట సైకిలు బ్రేకులకు వాడిరి.

ఇందులో రెండు భాగములు కలవు. లోపల సన్నని ఉక్కుపోగులను పేనిన తీగ; వెలుపల ఉక్కుతీగనే దగ్గరగా చుట్టచుట్టి చేసిన తొడుగు. తీగను లాగినప్పుడు తొడుగు అంతే బలముతో నొక్కబడును. చర్యకు ప్రతిచర్య సమానమను న్యూటను నియమము ఇక్కడ ప్రత్యక్షము. తొడుగు నొక్కుడుకు తాళుకొని నిలుచుటచేతనే లోపలి తీగ వంకరటింకర త్రోవలో కూడ లాగుడును ఒక కొననుండి వేరొక కొనకు చేర్చగలుగుచున్నది. తొడుగు చుట్టలు వదులైనచో లాగుడులో కొంత దానిని నొక్కుటకే వ్యర్థమగును. లివరు ఎంత లాగినను ప్లేట్లు పూర్తిగా విడివడవు.

వంపులలోని నష్టమును గ్రహించుటకు పల్లెటూరి దృష్టాంత మొకటి చాలును. బలిసిన కోడెను పలుపుతో పట్టి నిలుపుట పదేండ్ల బాలునికి సాధ్యము కాదు. ఆ పలుపునే రాటకు రెండు చుట్లు చుట్టి కొన పట్టుకొన్నచో వాడే దానిని నిలుపగలడు. రేవులో పడవను గుంజకు కట్టువారు చేయునదియు ఇదియే. త్రాడు గుండ్రని వస్తువును ఒరసికొనుచు వంగినకొలది రెండు కొనలయందలి బలములకు వ్యత్యాసము పెరుగుచుండును. 18వ శతాబ్దమున లియొనార్డ్ ఆయిలర్ ఈ విషయమునకు గణితము కట్టెను. తరువాత ఐటెల్వైన్ అను జర్మన్ ఇంజనీరు దానిని వ్యాప్తికి తెచ్చెను. నేటికిని ఆ సూత్రము వారిద్దరి పేర వ్యవహరింపబడుచున్నది.

బాలునికి మేలు చేసిన నియమమే బండివానికి కీడు చేయును. ఘర్షణ గుణకము 0.15 అనుకొందము, ఎండిపోయిన కేబులునకు ఈ అంక మత్యధికము కాదు. అప్పుడు 90 డిగ్రీల వంపు ఒక్కటి వచ్చినంతనే అవతలికొనకు కావలసిన బలమునకు సుమారు 1.27 రెట్లు ఇవతల లాగవలెను. అట్టి వంపులు రెండున్నచో నష్టములు కూడబడవు, గుణింపబడును. 1.27ను 1.27చే హెచ్చింపగా 1.6 వచ్చును. వంపు విశాలముగానున్నను ఇరుకుగానున్నను ఈ సూత్రమున భేదము లేదు. తిరిగిన కోణము మొత్తమే లెక్కకు వచ్చును. అయితే మరీ ఇరుకు వంపులో తీగ బిరుసెక్కి పోగులు త్వరగా తెగును గనుక అదియు కూడదు.

ఇక అంకెలు చూతము. గేరుబాక్సు వద్ద చిన్నచేతిని కదల్చుటకు 20 కిలోల లాగుడు కావలెననియు, లివరు వద్ద వ్రేళ్ల బలము కేబులును చేరునప్పటికి 4 రెట్లగుననియు అనుకొందము. ఘర్షణయే లేనిచో వ్రేళ్లకు పడు భారము 5 కిలోలు. రెండు వంపుల ఎండు కేబులునకు 20 కిలోలకు బదులు 32 కిలోలు లాగవలెను. వ్రేళ్లపై 8 కిలోలు పడును. అందులో 5 కిలోలు న్యాయము, 3 కిలోలు అన్యాయము. అదే కేబులునకు చమురు పెట్టి ఘర్షణ గుణకమును 0.05కు తెచ్చితిమా, 32 కిలోలు 23.4 అగును, వ్రేళ్లపై 5.9 కిలోలు మాత్రమే నిలుచును. తరువాత త్రోవ సవరించి రెండు వంపులను ఒక్కటి చేసితిమా, 5.4 కిలోలకు దిగును. స్ప్రింగులను తాకలేదు, క్లచ్ పట్టు ఇసుమంతయు తగ్గలేదు.

ఘర్షణ చేయు అపకారము ఇంతటితో ఆగదు. లాగునప్పుడు అడ్డుపడిన ఒరపిడి విడుచునప్పుడును అడ్డుపడును. లివరు ఒకచోట తట్టి నిలిచి, ఒక్కుమ్మడిగా జారును. బండి కుదుపుతో ముందుకు దూకును. జనసమ్మర్దములో ఇది కేవలము అసౌకర్యము కాదు, ప్రమాదము.

మొదట పరీక్ష, పిమ్మట చికిత్స

వైద్యుడు నాడి చూచిన తరువాతనే మందిచ్చును. బండివిషయములోను కొలత ముందుండవలెను. పాఠశాల ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు ఇందుకు చాలును. దానిని లివరుపై మధ్యవ్రేళ్లు పడుచోట తగిలించి, లివరు సరళముగా హ్యాండిలువైపు వచ్చునట్లు లాగి, అంకెను వ్రాసికొనవలెను. ప్రతి చికిత్సకు తరువాత అదేచోట, అదేరీతిని తిరిగి కొలువవలెను. లేనిచో తేలికపడెనను భ్రమ నిజముగా తోచును.

తరువాత కేబులును గేరుబాక్సు వద్ద విప్పి, లివరును వ్రేలితో కదల్చి చూడవలెను. బరువు లేని ఈ స్థితిలో అది ఏ తటపటాయింపును లేక కదలవలెను. కరకరలాడినను, మధ్యమధ్య పట్టుకొన్నను దోషము కేబులులోనో లివరు మేకులోనో ఉన్నదనుట స్పష్టము. ఇదియంతయు మృదువుగానుండి, తగిలించిన పిమ్మట మాత్రమే బరువు తోచినచో దోషమును గేరుబాక్సు వైపున వెదకవలెను.

తీగ కొనలయందు పోగులు విచ్చియున్నచో ఆ కేబులును మరమ్మతు చేయబూనరాదు, మార్చవలెను. తెగుటకు సిద్ధమైన కేబులు రైలు గేటు ముందర, గేరు వేసి లివరు పట్టుకొని నిలుచున్న వేళ తెగినచో బండి తనంత తానే ముందుకు పోవును. పోగులు తరచుగా తెగునది లివరులోని గుండు వద్ద. ఆ గుండు తన గూటిలో స్వేచ్ఛగా తిరుగవలెను. తిరుగనిచో లాగిన ప్రతిసారియు తీగ అక్కడ మడతపడును. గుండునకు ఒక చుక్క గ్రీజు వేయుట నిమిషము పని; వేయకపోవుట కేబులు ప్రాణమునకే ముప్పు.

మంచి కేబులునకు చమురు పెట్టు పద్ధతి సులభము. పై కొనను నిలువుగా కట్టి, పిల్లలు బొమ్మలు చేయు మైనపు మట్టితో తొడుగు చుట్టు చిన్న దొప్ప చేయవలెను. దొప్పలో పలుచని నూనె పోసి రాత్రియంతయు విడిచిపెట్టినచో ఉదయమునకు క్రింది కొనను నూనె తొంగిచూచును. మొదట నల్లగా వచ్చును; తెల్లగా వచ్చువరకు పోయుచుండవలెను. కొన్ని కేబుళ్ల తొడుగులోపల నైలాను గొట్టమో, టెఫ్లాను గొట్టమో ఉండును. అట్టివానిలో గట్టి గ్రీజు దట్టించుట మేలుకు బదులు కీడు. తయారుచేసినవారు చెప్పిన విధమును పాటింపవలెను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు ఎద్దుబండినిగూర్చి చెప్పిన మాట ఈ బండికిని చెల్లును. ఇచ్చట సంగీతమునకు బదులు చేతినొప్పి.

త్రోవ విషయము. బుల్లెట్టు కేబులు ఎడమ హ్యాండిలునుండి బయలుదేరి, ట్యాంకు క్రిందుగా పోయి, కుడివైపు గేరుబాక్సునకు దిగవలసియున్నది. దారి వంకరదే. దానిని మనము మరింత వంకర చేయకుండిన చాలును. కేబులు పొడవు ఎక్కువైనచో చుట్టలు పడును. తక్కువైనచో హ్యాండిలు త్రిప్పినప్పుడు బిగిసి క్లచ్ తనంత తానే విడును. హ్యాండిలును రెండువైపులకు చివరివరకు త్రిప్పి చూచి, ఎచ్చటను బిగువు కలుగకుండ, వేడెక్కు ఇంజను భాగములకు తగులకుండ, గట్టి పట్టీలతో నొక్కబడకుండ త్రోవ ఏర్పరుపవలెను.

లంబకోణపు మర్మము

గేరుబాక్సు వద్దనున్న చిన్నచేతిని చాలమంది పట్టించుకొనరు. తలుపును రెక్కకు నేరుగా త్రోసినచో తేలికగా తెరచుకొనును. ఏటవాలుగా త్రోసినచో బలములో కొంత బందులమీదికి పోవును. కేబులునకును చిన్నచేతికిని నడుమ ఇదే న్యాయము. రెండును లంబకోణమున నున్నప్పుడు లాగుడంతయు పనికి వచ్చును. కోణము 60 డిగ్రీలైనచో అదే పనికి సుమారు 15 శాతము అధికబలము కావలెను. 45 డిగ్రీలకు దిగినచో 41 శాతము అధికము కావలెను.

ఇంత తేడా ఎట్లు వచ్చును? ప్లేట్లును కడ్డీయు అరిగినకొలది చిన్నచేతి విశ్రాంతిస్థానము జరుగుచుండును. నడుపువాడు మూలమును సరిచేయక కేబులు మరను త్రిప్పి పైపైన సర్దుకొనును. కొన్ని సంవత్సరములకు చేయి తప్పుకోణమున నిలుచును. సరియైన పద్ధతి ఇది: కేబులును పూర్తిగా వదులుచేసి, కడ్డీవైపు సర్దుబాటుతో మొదట చిన్నచేతిని సరియైన స్థానమునకు తేవలెను, లివరు లాగినప్పుడు అది లంబకోణమునకు దాపున పనిచేయవలెను. పిమ్మటనే కేబులును బిగింపవలెను. చివరకు లివరు మొదట 2, 3 మిల్లీమీటర్లు ఏ బరువును లేక కదలునట్లు చూడవలెను. ఈ కాస్త వదులు లేనిచో కడ్డీ ఎల్లప్పుడు స్ప్రింగులను తాకియుండి, ప్లేట్ల పట్టు తగ్గి, అవి జారి కాలిపోవును.

కడ్డీ కొనలు అరిగి పుట్టగొడుగువలె విచ్చుకొనుట కలదు. అప్పుడది ఇరుసు బోలులో ఒరసికొనును. దానిని బయటికి తీసి, చదునైన అద్దముమీద దొర్లించి వంకర పరీక్షించి, గ్రీజు పూసి తిరిగి అమర్చుట పూటపని.

స్ప్రింగులను ఏమి చేయవలెను?

అందరును మొదట చేయబూనునది స్ప్రింగులను వదులుచేయుట. ఒక దృష్టిలో ఇది నిజమైన మార్గమే. స్ప్రింగును అదిమిన దూరమునకు తగినట్లు దాని బలము పెరుగునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. మరలను కొద్దిగా సడలించినచో అదిమిన దూరము తగ్గును, బలమును తగ్గును, లివరును తేలికపడును. అయితే దానితోపాటు క్లచ్ పట్టును తగ్గును. శ్రీశైలము వంటి కొండదారిని ఎక్కునప్పుడు ఇంజను గర్జించును, బండి కదలదు. ప్లేట్లు కాలిన వాసన వచ్చును. దిగునప్పుడు అంతకంటె అపాయము. పల్లములో గేరు వేసి ఇంజను చేతనే బండిని నిలువరించు సదుపాయము జారు క్లచ్చిలో కొరవడును. భారమంతయు బ్రేకుల మీదనే పడును.

దీనికి విపరీతమైన తప్పును లేకపోలేదు. ప్లేట్లమీద చిక్కని నూనె చేరి క్లచ్ జారుచున్నప్పుడు, కొందరు వానిని శుభ్రపరచుటకు బదులు స్ప్రింగులను మరింత బిగింతురు. జారుట కొన్నాళ్లు ఆగును, లివరు ఇనుపగుండగును. అనేక పాతబండ్ల బరువు ఇట్లు సంక్రమించినదే. అట్టిచోట ప్లేట్లను విప్పి కడిగి, అరిగినవానిని మార్చి, స్ప్రింగులను తయారీదారు నిర్ణయించిన బిగువునకు తెచ్చుట నిజమైన చికిత్స. స్ప్రింగులన్నియు సమానమైన పొడవుననున్నవో లేదో చూడవలెను. ఒకటి పొట్టిదై మరొకటి పొడవైనచో ప్లేట్ల మూత వంకరగా లేచి, ఒకప్రక్క విడి, ఒకప్రక్క అంటుకొనియుండును. డ్రమ్ము గాడులలో ప్లేట్ల పళ్లు గంట్లు పెట్టియున్నచో వానిని ఆకురాయితో జాగ్రత్తగా నునుపు చేయవలెను.

స్ప్రింగులను తగ్గించియు పట్టును నిలుపుకొను ఉపాయ మొకటి లేకపోలేదు. క్లచ్ మోయగల శక్తి స్ప్రింగుల బలమును, ఒరసికొను ముఖముల సంఖ్యను అనుసరించియుండును. ముఖములు 8 ఉన్నచోట 10 అమర్చగలిగినచో స్ప్రింగుల బలము అయిదింట నాలుగు వంతులైనను పట్టు యథాతథముగా నిలుచును. పలుచని ప్లేట్లను అదనముగా చేర్చు పద్ధతికి మూలమిదే. కాని ముఖములు హెచ్చినకొలది వాని నడుమ ఎడములును హెచ్చును. అన్నిటిని విడదీయుటకు కడ్డీ మరింత దూరము కదలవలెను. ప్రకృతి ఒకచేత ఇచ్చి మరొకచేత వసూలు చేయును.

చుట్టస్ప్రింగుల సంగతి ఇట్లుండగా, 1967లో వెలువడిన నార్టన్ కమాండో బండిలో పళ్లెము వంటి డయాఫ్రం స్ప్రింగును అమర్చిరి. దాని బలము అదిమినకొలది పెరుగుచునే పోదు. ఒక హద్దు దాటిన పిమ్మట తగ్గనారంభించును. అందుచే ఆ బండిలో ప్లేట్ల దొంతర మందమును సరిగా అమర్చుటయే లివరు తేలికకు కీలకము. ఒక బండికి చెల్లిన చికిత్సను మరొక బండికి గ్రుడ్డిగా చేయరాదనుటకు ఇది చక్కని దృష్టాంతము.

తులాదండపు బేరము

ఇక మిగిలినది లివరు. ఇది పాఠశాలలో నేర్పు తులాదండమే. మేకు వద్ద ఆధారము. వ్రేళ్లు పడుచోట ప్రయత్నము. గుండు వద్ద భారము. ఆధారమునకు గుండెంత చేరువైన బలము అంత వృద్ధి యగును. పాత ఆంగ్లేయ బండ్ల లివర్లలో మేకునుండి గుండునకు దూరము రెండు ముఖ్యమైన కొలతలలో వచ్చెడిది: అంగుళములో 8వ వంతులు 7 ఒకటి, అంగుళముమీద 16వ వంతు ఒకటి. రెంటిని 16వ వంతులలో చెప్పినచో 14 అనియు, 17 అనియు అగును. పెద్దకొలత లివరును తీసి చిన్నకొలతది అమర్చినచో 17 కిలోలు కావలసినచోట 14 కిలోలు చాలును. పై లెక్కలో 5.9 కిలోలకు దిగిన భారము 4.9 కిలోలకు దిగును.

అయితే కేబులు కదలు దూరమును అదే నిష్పత్తిని తగ్గును. 17 మిల్లీమీటర్లు లాగబడినచోట 14 మిల్లీమీటర్లే లాగబడును. బలమున లాభించినది దూరమున నష్టపడితిమి. ప్లేట్లు పూర్తిగా విడివడుటకు ఆ దూరము చాలనిచో బండి ఆగియుండగనే ముందుకు గుంజును; గేర్లు కరకరలాడును; న్యూట్రలు దొరకదు. కేబులు మంచిదై, చిన్నచేయి సరియైన కోణముననుండి, ప్లేట్లు చదునుగానున్న బండిలోనే ఈ బేరము గిట్టుబాటగును. గేరుబాక్సు వద్ద చిన్నచేతిని పొడిగించుటయు ఇట్టి బేరమే. కేబులునకు బదులు ద్రవమును వాడు హైడ్రాలిక్ క్లచ్‌లోను చిన్న పిస్టను ఎక్కువ దూరము కదలి పెద్ద పిస్టనును తక్కువ దూరము కదల్చును. అందు కేబులు ఒరపిడి తప్పునుగాని బేరము తప్పదు.

ఏతముపై నడచిన రైతునకు ఈ నియమము ఎవ్వరును చెప్పలేదు, అయినను ఆతడెరుగును. బానను తేలికగా పైకి తేవలెనన్నచో తాను మ్రానుపై ఎక్కువ దూరము నడువవలెను. ఏ యంత్రమును పనిని ఊరక సృష్టింపదు. దూరమును బలముగా, బలమును దూరముగా మార్చి ఇచ్చుట మాత్రమే దాని చేతనగును. మూల్యము చెల్లింపకయే లభించు లాభము ఒక్కటి కలదు: వ్యర్థమగుచున్నదానిని వ్యర్థము కాకుండ చూచుకొనుట. అందుచేతనే చికిత్సలలో కేబులు మొదటిది, త్రోవ రెండవది, కోణము మూడవది, ప్లేట్ల శుభ్రత నాలుగవది. లివరును మార్చుట, ప్లేట్లను చేర్చుట వాని తరువాత. స్ప్రింగులను నిర్ణీతమైన బిగువుకంటె సడలించుట ఏ వరుసలోను చేరదు. గోటితో పోవుదానికి గొడ్డలి పట్టువారు మాత్రము స్ప్రింగుతోనే మొదలుపెట్టుదురు.

నడుపువాని అలవాటును కొంత సవరింపవలెను. బండి అరనిమిషముకంటె ఎక్కువసేపు ఆగునని తోచినప్పుడు న్యూట్రలులోనికి మార్చి లివరు విడిచిపెట్టుట చేతికిని, కేబులునకును, కడ్డీకిని విశ్రాంతి. లివరును హ్యాండిలుపై కొద్దిగా త్రిప్పి, ముంజేయి, మణికట్టు, వ్రేళ్లు ఒకే వరుసలో నుండునట్లు అమర్చుకొన్నచో అదే భారము తక్కువ శ్రమతో లాగబడును. చిన్న చేతులవారికి ఇది విశేషముగా ఉపకరించును.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ప్రయోగముగా చూపవచ్చును. పాత సైకిలు బ్రేకు కేబులు ఒకటి, స్ప్రింగు త్రాసులు రెండు చాలును. కేబులు ఒక కొనను ఒక త్రాసును బిగించి, రెండవ కొనను మరొక త్రాసుతో లాగుచు, మొదట కేబులును చక్కగా నిలిపి, తరువాత ఒక వంపు, రెండు వంపులు పెట్టి, రెండు త్రాసుల అంకెలను విద్యార్థులచే వ్రాయింపవలెను. పిమ్మట నూనె పోసి తిరిగి కొలిపింపవలెను. ఘర్షణను గూర్చిన పాఠము నల్లబల్ల మీదకంటె వారి వ్రేళ్లకే బాగుగా అబ్బును. వారిలో ఎవడైనను సాయంత్రము ఇంటికి పోయి, తాతగారి బండి కేబులునకు మైనపుమట్టి దొప్ప కట్టినచో ఆ పాఠము పూర్తియైనట్లు.

మరునాడు ఆ పెద్దాయన లివరును లాగి చూచినప్పుడు ఎనిమిది కిలోలు ఆరింటికి దిగియుండును. సున్నకు దిగదు, దిగరాదు. ఆ మిగిలిన భారము స్ప్రింగులకు చెందినది. రేపు ఆయనను కొండనెక్కించునదియు, దించునప్పుడు అదుపున నుంచునదియు అదియే.